మే నెలలో రక్తం ఎవరిస్తారు?

మన కాలేజీల్లో రక్తదాన శిబిరం అంటే చిన్న పండగ. ఆగస్టు 15కి వారం ముందు నుంచే పోస్టర్లు, ఆడిటోరియం ముందు షామియానా, ఎన్‌ఎస్‌ఎస్ టీషర్టులు, ఇచ్చినవాళ్ళకి ఫ్రూటీ, బిస్కెట్ ప్యాకెట్, సర్టిఫికెట్, ఆ పైన అటెండెన్స్. సాయంత్రం మైకులో "పోయినేడాది రికార్డు బద్దలు కొట్టాం" అని ప్రకటన, చప్పట్లు. ఎన్‌ఎస్‌ఎస్ వాలంటీర్‌గా రెండేళ్ళు ఆ షామియానా కింద టోకెన్లు రాసినవాణ్ణి కాబట్టి ఆ ఉత్సాహం ఎంత నిజమో నాకు తెలుసు. సూదంటే భయపడే కుర్రాడు కూడా ఫ్రెండ్ చెయ్యి పట్టుకుని వచ్చి పడుకుంటాడు. ఆ మంచితనం మీద నాకు ఏ కంప్లయింటూ లేదు. నా గొడవంతా క్యాలెండర్ మీదే.

ఆగస్టులో అంత రక్తం ఇచ్చిన మనం ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడుంటాం? సెమిస్టర్ పరీక్షలు, తర్వాత సెలవులు, పైన నలభై డిగ్రీల ఎండ. శిబిరాలకి పెద్ద ఆధారం కాలేజీలే కాబట్టి కాలేజీ తలుపు మూస్తే బ్లడ్ బ్యాంకు ఫ్రిజ్ ఖాళీ అవుతుంది. ప్రతి వేసవిలో పేపర్లలో అదే వార్త వస్తుంది: రక్త నిల్వలు తగ్గాయి, దాతలు ముందుకు రావాలి. రోడ్డు ప్రమాదాలకి వేసవి సెలవులుండవు. కాన్పు కష్టమై రక్తం పోతున్న తల్లికీ ఉండవు.

మన దేశంలో రక్తం దొరక్కపోవడానికి కారణం ఇచ్చేవాళ్ళు లేకపోవడం అనుకుంటాం. నా అభిప్రాయం వేరు. ఇచ్చేవాళ్ళున్నారు. వాళ్ళందరినీ ఒకే రోజు పిలిచి మిగతా రోజులు మర్చిపోతున్నాం. ఆ మర్చిపోయిన రోజుల భారాన్ని ఆస్పత్రులు రోగి బంధువుల నెత్తిన పెడుతున్నాయి. ఈ రెండూ ఆగాలని మన దేశం ఎప్పుడో కాగితం మీద రాసుకుంది. ఆ కాగితం కథ కొంచెం చెప్పాలి.

1990ల ముందు మన దేశంలో రక్తం అమ్ముకునేవాళ్ళు ఉండేవాళ్ళు. వాళ్ళని "ప్రొఫెషనల్ డోనర్లు" అనేవాళ్ళు, పేరుకి. తిండికో, తాగుడుకో డబ్బు కావాల్సినప్పుడల్లా బ్లడ్ బ్యాంకు గుమ్మం ఎక్కే పేదవాళ్ళు. లైసెన్సు లేని బ్లడ్ బ్యాంకులూ ఉండేవి. అదే సమయంలో హెచ్‌ఐవీ వచ్చింది. 1992లో కామన్ కాజ్ అనే సంస్థ తరఫున హెచ్.డి. శౌరి సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 1996 జనవరి 4న తీర్పు వచ్చింది. జాతీయ స్థాయిలో ఒక రక్తమార్పిడి మండలి, రాష్ట్రాల్లో ఒక్కో మండలి పెట్టమంది. లైసెన్సు లేని బ్లడ్ బ్యాంకు ఉండకూడదంది. రెండేళ్ళలో రక్తం అమ్మకం పద్ధతి పూర్తిగా పోవాలంది. ఆ ప్రకారం 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకుని రక్తం ఇవ్వడం మీద నిషేధం అమల్లోకి వచ్చింది. తర్వాత 2002లో జాతీయ రక్త విధానం వచ్చింది. సురక్షితమైన రక్తం, సరిపడా రక్తం, అందరికీ అందే రక్తం, అదీ స్వచ్ఛందంగా ప్రతిఫలం లేకుండా ఇచ్చేవాళ్ళ దగ్గర్నుంచి. మొత్తం విధానాన్ని ఈ ఒక్క వాక్యంలో చెప్పొచ్చు.

డబ్బిస్తే తప్పేంటి, ఇచ్చేవాడికీ లాభం, పుచ్చుకునేవాడికీ లాభం కదా అని క్లాసులో ఒకసారి చర్చ జరిగింది. ఈ ప్రశ్నకి బ్రిటన్ సామాజికశాస్త్రవేత్త రిచర్డ్ టిట్మస్ 1970లోనే ఒక పుస్తకం రాసి జవాబిచ్చాడు. ప్రతిఫలం లేకుండా రక్తం ఇచ్చే బ్రిటన్ పద్ధతిని, అమ్మకాలు కూడా నడిచే అమెరికా పద్ధతిని పక్కపక్కన పెట్టి చూశాడు. ఆయన వాదనలో మనకి పనికొచ్చే ముక్క ఇది: డబ్బు కోసం వచ్చినవాడికి తన జబ్బు సంగతి దాచాల్సిన అవసరం ఉంటుంది. ఊరికే ఇవ్వడానికి వచ్చినవాడికి ఆ అవసరం లేదు.

ఇందులో టెక్నికల్ సంగతి ఒకటుంది. మన దేశంలో సేకరించిన ప్రతి యూనిట్‌కీ ఐదు జబ్బుల పరీక్ష తప్పనిసరి: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా. మరి పరీక్ష ఉండగా దాత నిజం చెప్పాడా లేదా అన్న పట్టింపు ఎందుకు? ఎందుకంటే ఏ సెన్సర్‌కైనా ఒక డిటెక్షన్ లిమిట్ ఉంటుంది. వైరస్ ఒంట్లోకి వచ్చిన కొత్తలో కొన్ని రోజులు ఎలైసా లాంటి మామూలు పరీక్షలకి అది దొరకదు. దాన్నే విండో పీరియడ్ అంటారు. నాట్ అనే పరీక్ష వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతుంది కాబట్టి ఆ వ్యవధిని బాగా తగ్గిస్తుంది. కానీ పూర్తిగా తీసేయలేదు, పైగా అది దేశమంతా తప్పనిసరి కూడా కాదు. ఆ ఖాళీ రోజుల్లో రోగిని కాపాడేది మెషీన్ కాదు, దాత ఫారం మీద పెట్టే టిక్కు మార్కు. శిబిరంలో "ఎంతసేపీ ఫారం" అని విసుక్కునే ఆ ప్రశ్నల జాబితాయే మొదటి పరీక్ష.

ఈ రక్షణ తప్పితే ఏమవుతుందో 2011లో గుజరాత్‌లోని జునాగఢ్ చూపించింది. తలసీమియా ఉన్న పిల్లలు, నెలనెలా రక్తం ఎక్కించుకుంటేనే బతికే పిల్లలు, ఇరవై మందికి పైగా హెచ్‌ఐవీ బారిన పడినట్టు బయటపడింది. వాళ్ళు చేసిందల్లా వైద్యం కోసం రావడమే.

రక్తం అమ్మకం చట్టప్రకారం పోయింది. కానీ దాని స్థానంలో ఇంకో పద్ధతి స్థిరపడిపోయింది. ఆస్పత్రి భాషలో దాన్ని రీప్లేస్‌మెంట్ అంటారు. "మా దగ్గరున్న రక్తం ఇస్తాం, మీ తరఫున అంతే రక్తం ఎవరిచేతైనా ఇప్పించండి." వినడానికి న్యాయంగానే ఉంటుంది, అప్పు తీర్చినట్టు. జాతీయ విధానం మాత్రం ఈ పద్ధతిని కూడా కాలపరిమితి పెట్టుకుని క్రమంగా ఎత్తేయమంది. రెండు దశాబ్దాలు దాటింది. ఇప్పటికీ నగరంలో ఆపరేషన్ అంటే డబ్బుతో పాటు ఇద్దరు మనుషుల్ని కూడా తెచ్చుకోవాలి.

మా హాస్టల్లో ఒకతని నాన్నకి ఆపరేషన్ జరిగింది. జిల్లా నుంచి వచ్చినవాళ్ళు, నగరంలో చుట్టాలెవరూ లేరు. రెండు యూనిట్లకి ఇద్దరు దాతలు కావాలన్నారు, ఇచ్చాకే ఆపరేషన్ అన్నారు. ఫ్లోర్‌లో నుంచి ముగ్గురం వెళ్ళాం, ఒకరు స్పేర్ అన్నమాట. నాది తీసుకున్నారు. రెండోవాడు ఫారం నింపుతుంటే కౌన్సెలర్ మేడమ్ అడిగింది, "ఏడాదిలోపు టాటూ ఏమైనా వేయించుకున్నావా బాబూ?" అని. వాడు చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించాడు. రెండు నెలల కింద వేయించుకున్నది. "ఏడాది నిండాక రా నాయనా, ఇప్పుడు తీసుకోలేం" అంది. ఆమె చేసింది నూటికి నూరు పాళ్ళు కరెక్టు. మూడోవాడికి హిమోగ్లోబిన్ చాల్లేదు. కౌంటర్లో వాళ్ళు మాత్రం "ఇంకొకరిని పిలిపించండి" అన్నారు, అంతే. ఇంకొకడు హాస్టల్ నుంచి రెండు బస్సులు మారి వచ్చేదాకా ఆ అంకుల్ స్ట్రెచర్ మీదే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు టాటూవాడు అన్న మాట నాకు గుర్తుండిపోయింది: "చెప్పకుండా ఉంటే అయిపోయేది కదరా."

రీప్లేస్‌మెంట్‌లో ఉన్న తప్పంతా ఆ ఒక్క మాటలో ఉంది. నిజం చెప్పినవాడు ఫ్రెండ్ ముందు దోషిలా నిలబడ్డాడు. అబద్ధం చెప్పి ఉంటే అందరి పనీ సులువయ్యేది, అది ఎవరి ఒంట్లోకి ఎక్కుతుందో ఆ మనిషికి తప్ప. డబ్బు ఆశ ఏం చేస్తుందని టిట్మస్ భయపడ్డాడో, మొహమాటం, భయం, తొందర కూడా అదే చేస్తాయి. పైగా ఊళ్ళో బలగమున్నవాడికి ఆపరేషన్ తొందరగా అవుతుంది, ఎవరూ లేనివాడికి ఆలస్యమవుతుంది. అలాంటివాడు చివరికి ఆస్పత్రి గేటు దగ్గర "మనిషిని నేను పంపిస్తా" అనే వాడి కోసం వెతుక్కుంటాడు. ముందు తలుపు నుంచి వెళ్ళగొట్టిన అమ్మకం అలా వెనక తలుపు నుంచి లోపలికి వస్తుంది.

ఇక్కడ ఆస్పత్రుల వాదన కూడా వినాలి. "రీప్లేస్‌మెంట్ అడగకపోతే రేపు మా ఫ్రిజ్ ఖాళీ. అప్పుడు వచ్చే ప్రమాదం కేసుకి ఏమిస్తాం?" ఇది ఉత్త సాకు కాదు. స్వచ్ఛంద దాతల రాక నమ్మకంగా లేనప్పుడు రీప్లేస్‌మెంట్‌ని రేపటికి రేపు నిషేధిస్తే రోగులే నష్టపోతారు. అందుకే మొదట సరిచేయాల్సింది దాతలు వచ్చే తీరు అంటాను. ఆ దారిలో మన ఆగస్టు 15 శిబిరం కూడా ఉంది.

మెకానికల్ వాళ్ళకి ఆపరేషన్స్ రీసెర్చ్‌లో ఇన్వెంటరీ చాప్టర్ ఉంటుంది. త్వరగా పాడయ్యే సరుకుని ఏడాదికి ఒకేసారి కొని నిల్వ చేయమని ఏ ప్రొఫెసరూ చెప్పడు. రక్తం అలాంటి సరుకే. 1940 నాటి ఔషధాల చట్టం కింద రక్తం ఒక ఔషధం, అందుకే బ్యాగ్ మీద మందు సీసా మీద ఉన్నట్టే ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది. దాత ఇచ్చిన రక్తాన్ని మూడుగా విడదీస్తారు. ఎర్రరక్తకణాలు, వాటిని ఉంచే ద్రావణాన్ని బట్టి, ఎక్కువలో ఎక్కువ 42 రోజులు ఉంటాయి. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే, అదీ ఫ్రిజ్‌లో కాకుండా గది ఉష్ణోగ్రతకి దగ్గరగా, ఆగకుండా ఊపుతూ. ప్లాస్మా మాత్రం గడ్డకట్టించి ఉంచితే ఏడాది వరకు నిలుస్తుంది.

ఇప్పుడు లెక్క వేద్దాం. ఒక కాలేజీలో ఆగస్టు 15న 400 మంది ఇచ్చారనుకోండి. ఆగస్టు 20కి ఆ ప్లేట్‌లెట్ల గడువు అయిపోతుంది. సెప్టెంబర్ 26కి ఎర్రరక్తకణాల గడువు కూడా ముగుస్తుంది. ఇచ్చిన అబ్బాయిలు మళ్ళీ ఇవ్వాలంటే 90 రోజులు ఆగాలి, అంటే నవంబర్ 13 దాకా. అమ్మాయిలైతే 120 రోజులు. అంటే సెప్టెంబర్ చివరి నుంచి నవంబర్ మధ్య దాకా ఆ కాలేజీ ఇచ్చిన రక్తమూ లేదు, ఇవ్వగల దాతలూ దాదాపు లేరు. అదే రోజు నగరంలో ఇంకో ఇరవై కాలేజీలు, పార్టీ ఆఫీసులు, అభిమాన సంఘాలు కూడా శిబిరం పెట్టాయి. ఆగస్టు 15 పోతే అక్టోబర్ 1 జాతీయ స్వచ్ఛంద రక్తదాన దినం, జనవరి 26, నాయకుల పుట్టినరోజులు, హీరోల పుట్టినరోజులు. వర్షం కురిస్తే ఒకేసారి కుంభవృష్టి, లేకపోతే ఎండ. మధ్యలో చెరువు లేదు.

ప్రభుత్వాలకీ ఈ రికార్డుల మోజు ఉంది. 2022 సెప్టెంబర్ 17న దేశవ్యాప్త శిబిరాల్లో ఒక్కరోజే లక్ష మందికి పైగా రక్తం ఇచ్చారని కేంద్ర ఆరోగ్యశాఖ గొప్పగా ప్రకటించింది. ఆ లక్ష మందికి దండం పెట్టాల్సిందే. కానీ అదే లక్ష మంది పన్నెండు నెలలకి విడిపోయి వచ్చి ఉంటే? వార్త అయ్యేది కాదు, ఫోటోలు ఉండేవి కావు, రోగులకి మాత్రం ఎక్కువ పని జరిగేది. మరోవైపు 2017లో సమాచార హక్కు కింద న్యాకో ఇచ్చిన వివరాలు పేపర్లలో వచ్చాయి: ఐదేళ్ళలో 28 లక్షలకు పైగా యూనిట్ల రక్తం, దాని భాగాలు పారేయాల్సి వచ్చింది. పరీక్షల్లో తేడా వచ్చినవి ఎలాగూ పారేయాల్సిందే. గడువు తీరి పారేసినవి మాత్రం దాత తప్పు కాదు, ప్లానింగ్ తప్పు.

ఈ ప్లానింగ్ ఎవరి కోసమో ఒక లెక్కతో చెబుతాను. తలసీమియా మేజర్ ఉన్న పిల్లకి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి, జీవితాంతం. హైదరాబాద్‌లో ఇలాంటి పిల్లల కోసం 1998 నుంచి తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. మూడు వారాలకి ఒక్క యూనిట్ అనుకున్నా ఒక పిల్లకి ఏడాదికి 17 యూనిట్లు. పెద్దయ్యేకొద్దీ ఇంకా ఎక్కువ. క్రమం తప్పకుండా ఇచ్చే అబ్బాయి ఏడాదికి నాలుగుసార్లు ఇవ్వగలడు. అంటే ఆ ఒక్క పిల్ల స్కూలుకి వెళ్ళి, ఆడుకుని, మామూలుగా పెరగాలంటే ఐదుగురు నిత్యదాతలు కావాలి. వాళ్ళు ఆగస్టులో ఒకేసారి వస్తే లాభం లేదు. వంతులవారీగా, మే నెలతో సహా, రావాలి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం తలసీమియాని, సికిల్ సెల్‌ని, హీమోఫీలియాని వైకల్యాల జాబితాలో చేర్చింది. చట్టం గుర్తింపు ఇవ్వగలదు, ఆ ఐదుగురిని తేవాల్సింది మాత్రం సమాజమే.

ఇప్పుడు మన శిబిరం వైపు ఇంకాస్త నిష్ఠూరంగా చూద్దాం. అటెండెన్స్ ఇస్తాం అంటాం. కొన్నిచోట్ల ఇంటర్నల్స్‌లో మార్కులు కూడా వేస్తారని ఇతర కాలేజీల ఫ్రెండ్స్ చెబుతారు. బ్రాంచీల మధ్య పోటీ, ఎవరిది ఎక్కువ యూనిట్లు అని. ఇవన్నీ ప్రోత్సాహకాలే అనుకుంటాం. కానీ 75 శాతం అటెండెన్స్‌కి రెండు శాతం తక్కువున్నవాడు ఆ ఫారం ముందు కూర్చుంటే "పోయిన వారం జ్వరం వచ్చిందా" అన్న ప్రశ్నకి ఏమని రాస్తాడు? డబ్బు చేతికి ఇవ్వలేదు కాబట్టి ఇది స్వచ్ఛందమే అని సర్దిచెప్పుకోవచ్చు. దాత నిజం చెప్పడానికి వెనకాడే పరిస్థితి ఏదైనా రక్తానికి ప్రమాదమే. ఇచ్చినరోజు విశ్రాంతికి పర్మిషన్ ఇవ్వడం వేరు, ఇస్తేనే హాజరు వేయడం వేరు. శిబిరానికి వచ్చి నిజం చెప్పి వెనక్కి వెళ్ళినవాడికి కూడా అదే పర్మిషన్ ఇవ్వండి, అప్పుడు ఎవరికీ అబద్ధం చెప్పాల్సిన పని ఉండదు.

వెనక్కి వెళ్ళేవాళ్ళలో అమ్మాయిలే ఎక్కువ. ధైర్యం తక్కువై కాదు, హిమోగ్లోబిన్ తక్కువై. రక్తం ఇవ్వాలంటే డెసిలీటర్‌కి కనీసం 12.5 గ్రాములు ఉండాలి, బరువు కనీసం 45 కిలోలు ఉండాలి. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. కాబట్టి గర్ల్స్ హాస్టల్ నుంచి ఉత్సాహంగా వచ్చిన అమ్మాయిల్లో చాలామంది వేలికి సూది గుచ్చించుకుని, "తక్కువుందమ్మా, వెళ్ళు" అనిపించుకుని చిన్నబుచ్చుకుని పోతారు. ఆ క్షణంలో ఆమె దాత కాదు, వైద్యం అందాల్సిన మనిషి. ఆ అంకెని చీటీ మీద రాసిచ్చి హెల్త్ సెంటర్‌కి పంపి, మూడు నెలల తర్వాత మళ్ళీ చూస్తే ఒక అమ్మాయి ఆరోగ్యం బాగుపడుతుంది, ఒక దాత కూడా తయారవుతుంది. రికార్డు శిబిరంలో ఇంత తీరిక ఉండదు, వెనకాల క్యూ ఉంటుంది.

ఇదంతా మన దేశంలో అయ్యే పనేనా అంటారా? పక్కనున్న శ్రీలంక చూడండి. పెద్ద ధనిక దేశమేం కాదు. అక్కడ రక్తం పని చాలావరకు ఒకే జాతీయ సంస్థ చేతుల మీదుగా నడుస్తుంది. 2014కల్లా రీప్లేస్‌మెంట్ లేకుండా పూర్తిగా స్వచ్ఛంద దాతల మీదే నడిచే స్థితికి చేరింది. మన దగ్గర నాలుగు వేలకు పైగా బ్లడ్ బ్యాంకులున్నాయి. ప్రభుత్వానివి, రెడ్‌క్రాస్‌వి, ట్రస్టులవి, కార్పొరేట్ ఆస్పత్రులవి. ఎవరి దాతల లిస్టు వాళ్ళది, ఎవరి ఫ్రిజ్ వాళ్ళది. ఒకచోట గడువు తీరిపోతుంటే ఇంకోచోట బంధువులు పరిగెడుతుంటారు. 2016లో మొదలైన ఈ-రక్తకోశ్ పోర్టల్ ఉద్దేశం ఈ ఫ్రిజ్‌లన్నిటినీ ఒక తెర మీద చూపించడమే. అందులో అంకెలు ఏ పూటకాపూట సరిగ్గా పడేలా చూడటం, మిగిలినచోటి నుంచి లేనిచోటికి పంపించే ఏర్పాటు చేయడం ప్రభుత్వం పని. 1996 తీర్పులోనే సుప్రీంకోర్టు రక్తానికి విడిగా ఒక చట్టం తెచ్చే విషయం ఆలోచించమని కేంద్రానికి చెప్పింది. ఇప్పటికీ ప్రధానంగా ఔషధాల చట్టం, దాని నిబంధనలతోనే నడుపుతున్నాం. మందుల నాణ్యత చూసే చట్టం బ్యాగ్ శుభ్రంగా ఉందో లేదో చెప్పగలదు. మే నెలలో బ్యాగ్ ఉందో లేదో అడగలేదు.

డబ్బు విషయం కూడా తెలుసుకుని ఉండాలి, రేపు మన ఇంట్లో అవసరం పడితే పనికొస్తుంది. రక్తానికి ధర లేదు. పరీక్షలకి, నిల్వకి అయ్యే ప్రాసెసింగ్ చార్జీ మాత్రమే తీసుకోవాలి. జాతీయ రక్తమార్పిడి మండలి 2022 మార్గదర్శకాల ప్రకారం ఒక యూనిట్ ఎర్రరక్తకణాలకి ప్రభుత్వ బ్లడ్ బ్యాంకులో 1100, ప్రైవేటులో 1550 రూపాయలు పరిమితి. నాట్ లాంటి అదనపు పరీక్షల చార్జీ వేరు. రక్తం అమ్మకానికి కాదని, ప్రాసెసింగ్ చార్జీకి మించి తీసుకోవద్దని కేంద్ర ఔషధ నియంత్రణ అధికారి 2023 డిసెంబర్ చివర్లో రాష్ట్రాలకి మళ్ళీ గుర్తు చేయాల్సి వచ్చింది. మళ్ళీ చెప్పాల్సి వచ్చిందంటేనే పరిస్థితి అర్థమవుతుంది.

ప్రభుత్వం చేయాల్సినవి ప్రభుత్వాన్ని అడుగుదాం. మన చేతిలో ఉన్నవి మనం ఆపుకోనక్కర్లేదు. నా ప్రతిపాదనలు నాలుగు.

ఒకటి, ఒక్క మెగా శిబిరం బదులు నెలకొక చిన్న శిబిరం. 400 మందిని పన్నెండుతో భాగిస్తే నెలకి 33 మంది. 33 మందికి ఆడిటోరియం అక్కర్లేదు, ఒక సెమినార్ హాలు, ఒక మధ్యాహ్నం చాలు. కౌన్సెలర్‌కి ఒక్కొక్కరితో మాట్లాడే తీరిక ఉంటుంది. ఏ నెలలో ఏ గ్రూపు ఎక్కువ కావాలో బ్లడ్ బ్యాంకునే అడిగి పిలవచ్చు. 33 మంది కోసం వ్యాన్ పంపడం వాళ్ళకి గిట్టకపోతే పక్క కాలేజీతో కలిసి పెట్టుకోవచ్చు.

రెండు, రక్తానికి హాజరుతో, మార్కులతో, బ్రాంచీల పోటీతో ముడి తెంచేయాలి. సర్టిఫికెట్ ఉంచండి, బిస్కెట్ ప్యాకెట్ తప్పకుండా ఉంచండి, అది అవసరం కూడా.

మూడు, సెలవుల్లో ఇంటికెళ్ళే హాస్టలర్లు అక్కడే ఇవ్వాలి. వరంగల్‌వాళ్ళు వరంగల్లో, కర్నూలువాళ్ళు కర్నూల్లో. మే నెలలో నగరానికే కాదు, జిల్లా ఆస్పత్రికీ కొరతే. ఉదయం ఎండెక్కకముందు, టిఫిన్ తిని, నీళ్ళు తాగి వెళ్తే అరగంట పని. రక్తం తీసేది బరువుని బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లు. ఎండాకాలం ఇస్తే నీరసం వస్తుందని అమ్మ అంటుంది. ఆ మాట కొట్టిపారేయకుండా ఆ రోజు క్రికెట్ మానేసి, మజ్జిగ రెండు గ్లాసులు ఎక్కువ తాగితే అమ్మ కూడా ఒప్పుకుంటుంది.

నాలుగు, వాట్సాప్‌లో తేదీ లేని "అర్జంట్ ఓ నెగటివ్" మెసేజ్ ఫార్వర్డ్ చేయడం మానేద్దాం. ఆ పేషెంట్ ఎప్పుడో డిశ్చార్జ్ అయి ఉంటాడు, ఆ నంబర్‌కి ఇంకా ఫోన్లు వెళ్తూనే ఉంటాయి. దాని బదులు మన గ్రూపు, చివరిసారి ఇచ్చిన తేదీ ఒక షీట్‌లో ఉంచుదాం. ఎవరికి పడితే వాళ్ళకి కాకుండా ఎన్‌ఎస్‌ఎస్ కోఆర్డినేటర్ దగ్గరే ఉండాలి, ఫోన్ నంబర్లు బజారున పడకూడదు కాబట్టి.

"ఇంత పద్ధతిగా పెడితే ఉత్సాహం పోతుంది, పిల్లలు పండగలా ఉంటేనే వస్తారు" అని ఒక సీనియర్ నాతో అన్నాడు. మొదటిసారి ఇచ్చేవాళ్ళ విషయంలో అది నిజమే. అందుకే ఆగస్టు శిబిరం పూర్తిగా ఎత్తేయమనను. మొదటిసారివాళ్ళకి దాన్ని ఉంచుదాం, ఒకసారి ఇచ్చినవాళ్ళని నెలల వారీ షీట్‌లోకి మార్చుదాం. పండగ గుమ్మం దాకా తీసుకొస్తుంది, ఆ తర్వాత లోపల ఇల్లు నడవాలి కదా.

ఈ సెమిస్టర్‌లో ఆ షీట్ మొదలుపెడుతున్నాం. పన్నెండు నిలువు వరసలుంటాయి. ఆగస్టు వరస ఎలాగూ నిండుతుంది, తొందర లేదు. మీ పేరు రాయాలనుకుంటే ముందు ఏప్రిల్, మే వరసలు చూడండి. ఒక్కో వరసకి 33 గళ్ళున్నాయి, ఇప్పటికి అన్నీ ఖాళీనే.